నాది కాని విస్తరి

ఆ రోజుల్లో నాకు బయట తినడం సరదా కాదు, ఉద్యోగంలో భాగం. పురుగుమందుల కంపెనీ తరఫున మామిడి తోటల వెంట తిరిగే పని. నూజివీడులో అద్దెకి తీసుకున్న గదిలో పడుకునేవాణ్ణే తప్ప పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. పొద్దున విస్సన్నపేట బస్టాండులో ఇడ్లీ, సాయంత్రం చాట్రాయిలో మిరపకాయ బజ్జీ, మధ్యలో ఏ రైతు పిలిస్తే ఆ రైతింట్లో అన్నం. అందుకేనేమో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఏ హోటల్లో కూర్చున్నా నాకు పాత రోడ్లు గుర్తొస్తాయి. అల్లం చట్నీ నాలిక్కి తగిలితే ఒక బస్టాండు, మజ్జిగ తాగితే ఒక చెరకు తోట, మాగాయ ముక్క కనిపిస్తే మోపెడ్ ఆగిపోయిన ఒక మలుపు. (మా ఆవిడ దీనికి ‘తిండి పురాణం’ అని పేరు పెట్టింది. బిల్లు వచ్చేదాకా ఈ పురాణం ఆగదని పిల్లల దగ్గర ఫిర్యాదు కూడా చేస్తుంది.)

మొన్న వేసవిలో చుట్టాల పెళ్ళి చూసుకుని తిరిగొస్తూ మేమిద్దరం హనుమాన్ జంక్షన్‌లో ఒక ఏసీ హోటల్లో ఆగాం. భోజనాల వేళ దాటిపోయింది, హాల్లో మేం తప్ప ఎవరూ లేరు. మా ఆర్డరు ఇంకా రాకముందే వడ్డించే అతను వచ్చి ఎదురు టేబుల్ మీద అరిటాకు వేసి, అన్నం, పప్పు, కూర, పచ్చడి అన్నీ వడ్డించి, గ్లాసులో నీళ్ళు పోసి లోపలికి వెళ్ళిపోయాడు. కుర్చీలో మనిషి లేడు. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది, దాని ముందు ఎవరూ లేరు. నా ముంజేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

“ఏంటండీ, అలా బిగుసుకుపోయారు?” అంది మా ఆవిడ.

“ఆ ఆకు ఎవరిది?”

“ఎవరిదైతే మనకెందుకు? చెయ్యి కడుక్కోడానికి వెళ్ళుంటారు.”

నిజంగా అంతే. కాసేపటికి ఒక కుర్రాయన భుజాన బ్యాగుతో, తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. నాలాగే తిరిగే ఉద్యోగం అనుకుంటా. కానీ ఆయన వచ్చేలోపు నేను చాట్రాయి దాటి, ఎర్రమట్టి దారిలోంచి ఒక తోటలోకి వెళ్ళిపోయాను. అప్పటిదాకా మా ఆవిడకి కూడా చెప్పని సంగతి అది. దొంగతనంగా అన్నం తిన్న సంగతి పెళ్ళానికి చెప్పుకోవడం ఏ మగాడికైనా కష్టమే.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన (ఎండకి నెత్తిన ఎప్పుడూ తడి తువ్వాలు వేసుకునేవాడు, మేం ఆయన్ని తువ్వాలు గురువుగారు అనేవాళ్ళం) నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. “చూడు తమ్ముడూ, కాయల కాలంలో ఈ తోటల్లో ఎవరికీ క్షణం తీరిక ఉండదు. వచ్చినవాళ్ళకి ఓ గదిలో ఆకు వేసి, వడ్డించి, వాళ్ళ పనిలో వాళ్ళు పడతారు. నువ్వు కాళ్ళు కడుక్కుని, కూర్చుని, తిని లేవాలి. ఇది నాకేనా అని అడిగావో, ఆ ఇంటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ఇక వాళ్ళ చేత మందు కొనిపించలేవు.” నేను ఆ పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించాను. రెండు నెలల్లో అలా ఎన్ని ఇళ్ళలో, ఎవరూ ఎదురుగా లేకుండా, ఎన్ని ఆకులు ఖాళీ చేశానో లెక్కలేదు. నడుం చుట్టూ కొలత కూడా పెరిగింది.

నాకు బాగా ఆప్తుడైన రైతు ఒకాయన ఉండేవాడు. పెళ్ళికైనా, పంచాయితీకైనా బనీనుతోనే వెళ్ళేవాడు, అందుకని ఆయన నాకు బనీను అన్నయ్య. నేను ఆయనకి మందుల బాబుని. ఒక మే నెలలో ఆయన, “రేపు మధ్యాహ్నం మీ భోజనం మా ఇంట్లోనేనండీ. మా నాన్నగారి సంవత్సరీకం. తప్పకుండా రావాలి,” అన్నాడు. సరేనన్నాను. మేం క్రైస్తవులం. మా ఇళ్ళలో ఏడాది తిరిగితే జ్ఞాపకార్థ కూడిక పెడతాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, రెండు పాటలు పాడతాం, వచ్చినవాళ్ళకి భోజనం. ఇదీ అలాంటిదే అనుకున్నాను. వాళ్ళు చనిపోయినవారికి ఇష్టమైనవన్నీ వండి ఒక గదిలో ఆకు వేసి వడ్డిస్తారని, పక్కన కొత్తబట్టలు పెట్టి, ఆయన వచ్చి తినడానికి కాసేపు తలుపు మూసి బయట నిలబడతారని ఎప్పుడో విన్నానేమో గానీ, కళ్ళారా చూసింది లేదు.

మర్నాడు నేను పండు ఈగ మందు చూపించే పని మీద పక్క తోటకి వెళ్ళి, అక్కణ్ణించి అడ్డదారిన తోటల్లోంచే బనీను అన్నయ్య ఇంటికి బయల్దేరాను. మిట్టమధ్యాహ్నం మామిడితోటలో ఒంటరిగా వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైన ఎండ మండిపోతుంటుంది, చెట్ల కింద మాత్రం చీకటి. గాలి ఉండదు, ఆకు కదలదు, పిట్ట కూయదు. కాయ కోసే కూలీలు కూడా ఆ వేళకి ఎక్కడో నడుం వాల్చి ఉంటారు. ఎక్కడో వెనకాల ఒక కాయ తొడిమ తెగి దబ్బున పడుతుంది, ఎవరో అడుగు వేసినట్టే ఉంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. నేను ధైర్యవంతుణ్ణని అనుకునేవాణ్ణి గనక మోపెడ్ వేగం పెంచలేదు. కీర్తన మాత్రం కొంచెం గట్టిగా పాడుకున్నాను.

ఇల్లు వెనకవైపు తోటలోకే ఉంది. మోపెడ్ అక్కడే ఆపాను. మనుషుల అలికిడి లేదు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. గడప పక్కన చెంబుతో నీళ్ళు. కాళ్ళు కడుక్కుని లోపలికి అడుగు పెట్టాను. ఎండలోంచి వచ్చానేమో, కళ్ళకి ఏమీ ఆనలేదు. అవతలి తలుపు మూసి ఉంది. అగరొత్తుల వాసన, దానితో పాటు చుట్ట పొగ వాసన. నేల మీద ఒక పీట, పీట ముందు అరిటాకు, ఆకు నిండా వడ్డన. గారెలు, గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, పరవాన్నం, గడ్డపెరుగు. ఆవిర్లు కక్కుతోంది అన్నం. పొద్దున్న తిన్న రెండిడ్లీలు ఎప్పుడో అరిగిపోయాయి. తువ్వాలు గురువుగారిని తలుచుకుని పీట మీద కూర్చున్నాను, కళ్ళు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను, చెయ్యి పెట్టాను.

సగం తిన్నాక మూసిన తలుపు అవతల గుసగుసలు వినిపించాయి. “వచ్చారంటావా?” అంటోంది ఒక ఆడగొంతు. “ష్, తినేటప్పుడు మాట్లాడకూడదు,” అంది ఇంకోటి. నా గురించే అనుకుని సంబరపడ్డాను. మందులు అమ్మేవాడి భోజనానికి ఇంత మర్యాద ఇంకెక్కడా చూడలేదు. ఆ తర్వాత ఒక పెద్దావిడ గొంతు, తలుపుకి మరీ దగ్గరగా, వణుకుతూ అడిగింది. “పప్పులో ఉప్పు సరిపోయిందా అండీ?”

నా నోట్లో గారె ఉంది. అయినా అడిగినప్పుడు బదులు చెప్పకపోతే బాగోదు కదా. “ఊఁ,” అన్నాను.

తలుపు అవతల గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత ఆవిడ, “ఆ రోజు అన్న మాట మనసులో పెట్టుకోకండి. వంట మనుషులు రాక, కూలీల వంట కూడా నెత్తిన పడి, ఒళ్ళు తెలీక అనేశాను,” అంటూ ఏడవడం మొదలుపెట్టింది. నాతో ఎవరూ ఏ మాటా అనలేదే అని ఆశ్చర్యపోతూ తలెత్తాను. అప్పటికి నా కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. ఆకుకి అవతల కుర్చీలో ఒక ఫోటో ఉంది. ఫోటోకి దండ ఉంది. మీసాలతో, గుండీలు పెట్టుకోని చొక్కాతో ఒక పెద్దాయన సూటిగా నావంక చూస్తున్నాడు. పక్కన మడత విప్పని పంచె, దాని పక్కన వెలిగించిన చుట్ట. నేను ఎవరి అన్నం తింటున్నానో, ఎవరికి బదులుగా ఊఁ కొట్టానో అప్పుడు తెలిసింది.

ఆ క్షణంలో నాకు రెండు భయాలు. ఒకటి, ఆ పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నా ఆకేదని అడుగుతాడేమోనని. రెండోది, ఆ తలుపు తెరుచుకుంటుందేమోనని. రెండోదే పెద్ద భయం. పెద్దల ఆకు ముందు పరాయి కుర్రాడు, అందులోనూ మా కులంవాడు కూర్చుని దొరికితే ఆ రోజుల్లో ఏమయ్యేదో నాకు బాగా తెలుసు. అలవాటు కొద్దీ ఆకు మడిచి (ఆ కంగారులో ఆకు ఎందుకు మడిచానో ఇప్పటికీ తెలీదు), ఎంగిలి చేత్తోనే బయటపడి, మోపెడ్ స్టార్ట్ చేయకుండా తోటలోకి తోసుకుపోయాను. నీళ్ళ తొట్టిలో చెయ్యీ మూతీ కడుక్కుని, చుట్టూ తిరిగి, ఏమీ ఎరగనట్టు ముందుదారిన వచ్చాను.

వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా నిలబడి ఉంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గడప మీద మామ్మగారు కూర్చుని ఉంది, బనీను అన్నయ్య వాళ్ళమ్మ. బక్కపలచటి మనిషి. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖం తేటగా ఉంది. “తిన్నారు. ఆకు మడిచారు,” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది. “బతికున్నప్పుడూ అంతే. బాగుందని నోరారా ఏనాడూ అన్నది లేదు. ఊఁ అనేవారు.”

నన్ను పందిట్లో కూర్చోబెట్టి మళ్ళీ ఆకు వేశారు. అవే గారెలు, అదే వంకాయ, అదే పప్పు. గొంతుదాకా తిన్నవాణ్ణి మళ్ళీ మొదట్నుంచీ తిన్నాను. వద్దంటే అనుమానం వస్తుందేమోనని పరవాన్నం మారు కూడా అడిగాను. నా జీవితంలో అంత రుచిగా, అంత నరకంగా భోజనం మరెప్పుడూ చెయ్యలేదు. నా తర్వాత మామ్మగారు తన ఆకు ముందు కూర్చుని అన్నం కలుపుకుంటుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి చూస్తున్నారు. ఎందుకలా చూస్తున్నారో నాకర్థం కాలేదు.

భోజనాలయ్యాక బనీను అన్నయ్య నన్ను మోపెడ్ దాకా సాగనంపుతూ అసలు సంగతి చెప్పాడు. క్రితం ఏడు ఇదే రోజున పెద్దాయన అన్నం ముందు కూర్చుని పప్పులో ఉప్పు లేదన్నాడట. కూలీల వంటతో అలిసిపోయిన మామ్మగారు, నచ్చకపోతే లేచి వెళ్ళండి అందట. ఆయన నిజంగానే లేచి తోటలోకి వెళ్ళాడు. సాయంత్రం ఒక చెట్టు మొదట్లో చేరగిలబడి కనిపించాడు. గుండె ఆగి ఎంతసేపైందో. “ఆయన తోటలోంచే వస్తారని వెనక తలుపు తీసి పెట్టించింది అమ్మ. ఏడాదిగా మధ్యాహ్నం పూట అన్నం ముట్టలేదండీ. రాత్రి గ్లాసుడు జావ, అంతే. ఇవాళ తింది.” అని, మామూలు గొంతుతో, “వెనక గుమ్మం దగ్గర మోపెడ్ టైరు గుర్తులు నేను తుడిచేశాన్లెండి,” అన్నాడు.

ఎక్కబోయిన మోపెడ్ మళ్ళీ దిగాను. “అన్నయ్యగారూ, తెలీక చేశానండీ. నేను క్రిస్టియన్‌ని కూడాను,” అన్నాను.

“మా నాన్నకి ఆకలేస్తే ఆ పట్టింపులు ఉండేవి కాదండీ. అమ్మకి మాత్రం తెలియకూడదు. ఒకటే మాట. వచ్చే ఏడు కూడా మీరే రావాలి. ఆకు అలాగే ఉండిపోయిందంటే అమ్మ మళ్ళీ జావకి దిగిపోతుంది. నేను అమ్మ పక్కనే నిలబడాలి, నా వల్ల కాదు.”

ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఎలా ఉంటాను. కానీ ఆ ఏడాదంతా నాకు అన్నం సరిగ్గా సయించలేదు. ఏ ఇంట్లో ఆకు వేసినా ముందు అవతల గోడ వంక చూసేవాణ్ణి, ఫోటో ఉందేమోనని. ఇది నాకేనా అని ప్రతి ఇంట్లోనూ అడగడం మొదలుపెట్టాను. తువ్వాలు గురువుగారు చెప్పినట్టే అమ్మకాలు పడిపోయాయి.

మళ్ళీ మే నెల వచ్చింది. ముందురోజు నుంచే కడుపు మాడ్చుకుని బయల్దేరాను. కానీ కాయల లోడు ఎక్కించుకున్న లారీ ఒకటి తోటల మధ్య సన్నదారిలో గొయ్యిలో దిగబడి అడ్డంగా ఉండిపోయింది. అటు కంచె, ఇటు కంచె. దాన్ని బయటికి లాగడానికి ట్రాక్టరు వచ్చేసరికి పొద్దు నెత్తిమీంచి వాలిపోయింది. మోపెడ్ మీద పోతున్నంతసేపూ మామ్మగారే కళ్ళముందు మెదిలింది. తలుపు తీసి, చల్లారిపోయిన ఆకు చూసి, ఆయనకి కోపం పోలేదని కూలబడిపోయి ఉంటుంది. నా దయ్యం భయం ఎటుపోయిందో తెలీదు. ఈసారి ఆ తోటలో ఎన్ని కాయలు రాలాయో నేను విననేలేదు.

ఇంటి వెనక బనీను అన్నయ్య ఒక్కడే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. “చుట్టూ తిరిగొచ్చారా? భలే చేశారండీ. ఆకు నున్నగా తుడిచినట్టుంది.”

“నేనిప్పుడే వస్తున్నానన్నయ్యగారూ. లారీ అడ్డం పడింది,” అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. “ఈసారి జనం ఉంటే ఆయన రారని అమ్మ మమ్మల్నందర్నీ ముందు పందిట్లోకి పంపేసింది. మీ మోపెడ్ కనిపించకపోతే, పోనీ నేనే తినేద్దామని ఇటు వచ్చాను. నేను తొంగిచూసేసరికే ఆకు ఖాళీ. మడిచి కూడా ఉంది.” ఇద్దరం వెనక గుమ్మంలోంచి లోపలికి చూశాం. చుట్ట ఇంకా పొగ వదులుతోంది. గ్లాసులో నీళ్ళు లేవు. ఫోటోలో పెద్దాయన పోయినేడు చూసినట్టే చూస్తున్నాడు. మా వెనక తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. “మీరూ కాదు, నేనూ కాదు,” అన్నాడు బనీను అన్నయ్య నెమ్మదిగా. అప్పటిదాకా దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూసి నవ్వే మనిషి, గుమ్మానికి దణ్ణం పెట్టాడు. నేను క్రైస్తవుణ్ణి. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ ఒకేసారి గుర్తొచ్చి, ఒక్కటీ పూర్తిగా రాలేదు.

పందిట్లో నాకు మామ్మగారే స్వయంగా వడ్డించింది. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, నా పక్కన చతికిలబడి గొంతు తగ్గించింది.

“అబ్బాయ్, మీకు ఈ పట్టింపులు ఉండవుగా, నీకు చెబితే పాపం అంటదు. మావాడికి మాత్రం చెప్పకు. పోయినేడు ఆయన వచ్చి తిన్నారు, ఊఁ అన్నారు. నా చెవులతో విన్నాను. ఈ ఏడు తలుపు దగ్గర ఒక్కదాన్నే నిలబడి ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తలుపు తీసి చూద్దును కదా, ఆకు పెట్టింది పెట్టినట్టే ఉంది. తెల్లారుజామున లేచి ఈ ఎండలో పొయ్యి దగ్గర చచ్చీచెడీ వండితే, రావడానికి ఈయనకి తీరిక లేదట. ఒళ్ళు మండిపోయింది. రాకపోతే మానెయ్యండి, అన్నం పారబోస్తానా అని చెప్పి, ఆయన పీట మీదే కూర్చుని మొత్తం నేనే తినేశాను.”

“పప్పు బాగా కుదిరింది,” అని కూడా అంది. నా ఆకులో ఇంకో గరిటెడు వేసి, కొంగు దోపుకుని లేచి, పందిట్లో వేరేవాళ్ళ మీద అరుస్తూ వెళ్ళిపోయింది.

ఆవిడ సంగతి కొడుకుకి చెప్పలేదు, కొడుకు సంగతి ఆవిడకి చెప్పలేదు. బనీను అన్నయ్య ఆ తర్వాత చాలా భక్తిగా మారాడని విన్నాను. రెండేళ్ళకి నాకు బదిలీ అయింది, మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు. హోటల్లో మా ఆవిడకి మొదటిసారి ఇదంతా చెప్పాను. విని, “ఆ పెద్దావిడ ఇక జావ తాగి ఉండదు,” అంది. నేనప్పుడు ఇరవై అయిదేళ్ళవాణ్ణి. ఆ రోజు మోపెడ్ ఎక్కి వెళ్ళిపోతూ, దొరక్కుండా బయటపడ్డానని ఒక్కటే సంబరం నాకు. ఆవిడ గొంతులో ఏడుపు లేదని, సొంత మొగుడి మీద మామూలుగా వచ్చే కోపం తిరిగొచ్చిందని ఆ కుర్రాడికి తెలియలేదు. తెలియడానికి ముప్పై ఏళ్ళ కాపురం, ఆలస్యంగా ఇంటికెళ్ళి చల్లారిన అన్నం తిన్న రోజులు బోలెడు కావలసి వచ్చాయి.